కరివేపాకు కాదు, కరిపులే!

పరాయి దేశంలో తెలుగు ఎంత పదిలంగా ఉన్నదో తెలుసుకోవాలంటే సభలకూ సన్మానాలకూ వెళ్ళనక్కరలేదు, కూరగాయల బజారుకు వెళితే చాలునని నా అభిప్రాయం. మారిషస్ ద్వీపంలో మా అమ్మాయి ఇంట మూడు నెలలు ఉన్నప్పుడు ఈ అభిప్రాయం కలిగింది. జంగారెడ్డిగూడెం తిరిగి వచ్చాక సంతలో తిరిగినకొద్దీ గట్టిపడింది. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ నూరిపోసినవాడిని కనుక, ఏ మాట వినబడినా దాని పుట్టుపూర్వోత్తరాలు తీయబోవడం నాకు అలవాటు. చదువరులు మన్నించాలి.

వెళ్ళేముందు మా ఇంటావిడ భయమంతా తిండి గురించే. కందిపొడి, చింతపండు, ఎండుమిరప, రెండు డబ్బాల ఆవకాయ సర్దింది. తీరా కాత్ర్ బోర్న్ అంగడికి పోయి చూస్తే మన పెరడంతా అక్కడ పరచి ఉన్నది! మునగాకు కట్టలు, చామాకులు, చామదుంపలు, పొట్లకాయలు, కాకరకాయలు, బీరకాయలు, లేత బెండకాయలు, కొత్తిమీర, రెమ్మలు రెమ్మలుగా కరివేపాకు. గోంగూర మాత్రం నా కంట పడలేదు. ఆ దుఃఖం వేరు.

వస్తువులన్నీ మనవే. పేర్లు అడిగేసరికి నాకు తల తిరిగింది. ఆకుకూర ఏదైనా అక్కడ ‘బ్రెద్’. అది పోర్చుగీసు వారి ‘బ్రెదో’ నుండి వచ్చిన మాట. మునగాకు ‘బ్రెద్ మురుం’, చామాకు ‘బ్రెద్ సోంజ్’. తోటకూరకైతే ‘బ్రెద్ మల్బార్’ అని ఏకంగా మనుషుల పేరే పెట్టేశారు. కాకరకాయ ‘మర్గోజ్’, చేదు అనే అర్థం గల పోర్చుగీసు మాటకు రూపాంతరం. బీరకాయ ‘పిపంగాయ్’. కొత్తిమీర ‘కొతొమిలి’. ఇక కరివేపాకు ‘కరిపులే’.

మొదట నేనూ మురిసిపోయాను. ‘కరి’ వినబడింది కదా, మనవాళ్ళు నూటయాభై ఏళ్ళనాడు తెచ్చిన మాట చెక్కుచెదరలేదని మా అల్లుడుగారితో అన్నాను కూడా. ఆ రాత్రి తీరికగా ఆలోచిస్తే మాట తన గుట్టు తానే విప్పింది. తెలుగు అయితే చివర ‘ఆకు’ ఉండాలి, ఎంత అరిగినా ‘పాకు’ అయినా మిగలాలి. ‘కరిపులే’లో చివర ఉన్నది ఆకు కాదు, ‘ఇలై’. అరవం వారి కరువేప్పిలై. పిపంగాయ్ నడుమ ఉన్న ఆ ‘ంగా’ అనే ముక్కు పలుకు చూడండి. బీరకాయకు అది ఎక్కడి నుండి వస్తుంది? పీర్క్కంగాయ్‌కి ఉన్నది. కొతొమిలి చివరి ‘లి’ కూడా కొత్తమల్లిదే. చారును అక్కడ ‘రసోం’ అంటారు. బజారంతా గాలించినా తెలుగు పేరు ఒక్కటీ నాకు చిక్కలేదు.

దీనికి చరిత్రలో కారణం ఉన్నది. ఫ్రెంచివారి ఏలుబడిలోనే, 1735లో గవర్నరుగా వచ్చిన లా బుర్దొనే కాలం నాటికే, పుదుచ్చేరి నుండి తమిళ పనివారు ఆ దీవికి చేరారు. ఇళ్ళు కట్టినవారూ, ఓడలు బాగుచేసినవారూ వారే. ముందు వచ్చినవారు విత్తనాలతో పాటు పేర్లూ నాటారు. మనవాళ్ళు ఆ తరువాత శతాబ్దానికి గాని పోలేదు. 1834 నుండి చెరకు తోటలకు ఒప్పందపు కూలీలను తరలించడం మొదలైనాక కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవుల నుండి ఎక్కారు. నెలకు అయిదు రూపాయల జీతం. పోర్ట్ లూయీ రేవులో వారు దిగి ఎక్కిన మెట్లను ఇప్పుడు అప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కోరంగి రేవును 1839లో ఉప్పెన మింగేసింది గాని, ఆ దీవిలో తెలుగువారిని ‘కొరంగీలు’ అని పిలవడం మాత్రం నిలిచింది. గోదావరి దాటి కొంతదూరం పోతే మనకు కోరంగి. అక్కడ ఇప్పుడు మడ అడవులు చూడటానికి జనం వెళుతున్నారు. ఆ ఊరి పేరు పెట్టుకొని సముద్రం ఆవల ఒక జాతి బ్రతుకుతున్నదని తలచేవారు ఎందరు?

అయితే మారిషస్‌లో తెలుగు లేదా అని మీరు అడుగుతారు. ఉన్నది, గౌరవంగానే ఉన్నది. ఉగాదికి దేశమంతటా సెలవు. ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు చెబుతారు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో పై చదువు కూడా ఉన్నది. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. మన పత్రికలవారు ఇవన్నీ వ్రాసి చేతులు దులుపుకుంటారు. కాని ఆ దేశపు జనాభా లెక్కల్లో రెండు వేరువేరు ప్రశ్నలుండేవి: మీ పూర్వికుల భాష ఏది? మీరు ఇంట్లో మాట్లాడే భాష ఏది? మొదటి గడిలో తెలుగు అని వ్రాసిన చేయి రెండవ గడిలో సాధారణంగా క్రియోల్ అని వ్రాస్తుంది. 2011 లెక్కల్లో నూటికి ఎనభై మందికి పైగా ఇంట క్రియోలే మాట్లాడుతున్నారు. సెలవు మొదటి గడికి చెందుతుంది. అన్నం రెండవ గడిలో తింటారు.

ఉగాది సంగతి వచ్చింది గనుక ఒక మాట. భూమధ్యరేఖకు దిగువన మన చైత్రం శరత్కాలపు వాకిట పడుతుంది. అక్కడ మామిడి కాపు నవంబరు నుండి ఫిబ్రవరి దాకా. పచ్చడిలోకి పుల్లమామిడి కావలసిన వేళకు చెట్లు దాదాపు ఖాళీ. కోయిల కూయని, మావి చిగురించని ఉగాదిని తరతరాలుగా నిలుపుకొన్నారంటే వారి పట్టుదలకు నమస్కరించాలి. మన పంచాంగకర్తలు ఈ చిక్కు ఊహించి ఉండరు.

పక్క ఇంట ఒక పెద్దావిడ ఉండేది, మా వయసుదే. తాతముత్తాతలు తెలుగువారు. మాట మొత్తం క్రియోల్. మా అమ్మాయి అర్థం చెప్పేది. రామభజన పాటలు నోటికి వచ్చు గాని అర్థం తెలియదు. ఒకనాడు మా ఇంట భోజనం చేస్తూ పప్పు కలిపి, మా మనవడికి అందిస్తూ “ముద్ద” అన్నది! నేనూ మా ఇంటావిడా ముఖముఖాలు చూసుకున్నాం. ఎవరు నేర్పారని అడిగితే నేర్పలేదు, మా అవ్వ అలా అని పెట్టేది అన్నది. బడిలో చెప్పని మాట, సభల్లో వినబడని మాట, కంచం అంచున పట్టుకొని నాలుగు తరాలు దాటి వచ్చింది.

అందుకే ఈ మధ్య ఉద్యోగాలకు విదేశాలు పోతున్న మన పిల్లల తీరు నాకు రుచించదు. సందు చివర తాజా మునగాకు కట్ట దొరుకుతుంటే దానిని చూడరు. సెలవుపూట కారు వేసుకొని పోయి, ఎక్కడో భారతీయ దుకాణంలో, హైదరాబాదు నుండి వచ్చిన గోంగూర సీసా మూడింతల ధరకు కొని, మన సంస్కృతిని కాపాడుకున్నామని సంతోషిస్తారు. సీసా మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. పిల్లవాడు దానిని ‘పికిల్’ అంటాడు. ఆ డబ్బుతో మునగాకు కొని, పొయ్యి దగ్గర పిల్లవాడిని కూర్చోబెట్టుకొని, “ఇది మునగాకురా, దూసి పెట్టు” అంటే ఒక నామవాచకం, ఒక క్రియ ఇంట్లో నిలుస్తాయి. ‘దూయడం’ అనే మాటకు క్రియోల్‌లో ఏమంటారో నాకు తెలియదు, మా మనవడికి మాత్రం ఇప్పుడు తెలుగులో తెలుసు.

ఇంత దూరం చెప్పి మన ఊరి సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. బడుల్లో మాధ్యమం గురించి 2019లో ఉత్తర్వులు వచ్చినప్పుడు, 2020లో హైకోర్టు వాటిని కొట్టివేసినప్పుడు, ఇరుపక్షాల వాదనలూ చాలా విన్నాం. పాఠ్యపుస్తకం ఏ భాషలో ఉండాలన్నది పెద్ద ప్రశ్నే. కాని జంగారెడ్డిగూడెంలో, ఏ ద్వీపమూ దాటకుండా, బెండకాయను లేడీస్ ఫింగర్ అనే పిల్లలు తయారైనారు. వారికి కూరగాయలు అట్టముక్క మీద బొమ్మలుగా పరిచయం. సంతకు తీసుకుపోయేవారు లేరు. ఏ ప్రభుత్వమూ వారిని సంతకు వెళ్ళవద్దని ఉత్తర్వు ఇవ్వలేదే!

ఆ దీవిలో ‘బ్రెద్ మార్తిన్’ అని ఇష్టంగా పులుసు కాచుకొనే ఆకు ఒకటి ఉన్నది. చూస్తే మన కామంచి. ఇక్కడ మా దొడ్డి కంచె వెంట దానంతట అదే మొలుస్తున్నది, కలుపని పీకి పారేస్తున్నారు. కూరలమ్మే ముసలమ్మను అడిగితే, “మా అత్త వండేదయ్యా, నాకు చేతకాదు” అన్నది. పొన్నగంటి, గలిజేరు, చెంచలి, తుమ్మి... ఇవి వండడం తెలిసిన అమ్మలు మీ ఇళ్ళలో ఉంటే, ఎలా వండుతారో, మీ ఊరిలో వాటిని ఏ పేరుతో పిలుస్తారో, కాస్త వ్రాసి పెట్టండి. కామంచి పప్పు ఎవరికైనా తెలిస్తే ముందు అది చెప్పండి. కంచె దగ్గర కూలివాణ్ణి ఈ వారానికి రావద్దన్నాను.