గడువు మీరకమునుపే

కోనసీమలో అప్పు లేని రైతును వెదకుట కష్టము. తనకు అప్పున్నదని నలుగురిలో ఒప్పుకొను రైతును వెదకుట అంతకంటె కష్టము. సార్వా నీటిపాలై, దాళ్వాపై పెట్టుకొన్న ఆశయు సన్నగిల్లినపుడు, అమలాపురములోనో కొత్తపేటలోనో ఏండ్ల తరబడి తాను లావాదేవీలు జరుపుచున్న బ్యాంకు మెట్లెక్కి, "అయ్యా, ఈ యేడు కట్టలేను, ఏది దారి?" అని యడుగుటకు సిగ్గుపడు పెద్దమనిషి, చీకటి పడిన పిదప నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు వ్రాసియిచ్చుటకు సిగ్గుపడడు. నెలకు మూడన్నమాట చెవికి చిన్నదిగానే వినబడును, సంవత్సరమునకది ముప్పదియారు.

పంట ఋణమును తిరగవ్రాయించుకొను తంతు చూడదగినది. గడువు దగ్గరపడగానే రైతు చేబదులుగా తెచ్చిన సొమ్మును కౌంటరులో జమచేయును. మరునాడో ఆ మరునాడో అదే పాసుపుస్తకముపై అంత సొమ్ము మరల మంజూరగును. దానిని గుమ్మము దాటకమునుపే, వాకిట కాచుకొనియున్న చేబదులువానికి రెండు రోజుల వడ్డీతో సహా లెక్కపెట్టి యిచ్చివేయును. బ్యాంకు పద్దులో పాత అప్పు తీరినది, కొత్త అప్పు పుట్టినది. రైతు చేతికంటినది నోట్ల వాసన మాత్రమే. సకాలమున చెల్లించినవారికి మూడు లక్షల వరకు వడ్డీ నూటికి నాలుగే పడునను రాయితీ కొరకే యీ పరుగంతయు. పంట పండిన యేడు ఈ తంతు ఎట్లో గడచును. పండని యేడు చేబదులిచ్చువాడును ముఖము చాటువేయును.

నిజముగా పంట పోయిననాడు ఇన్ని పాట్లు పడనక్కరలేదు. రిజర్వు బ్యాంకు 2018 అక్టోబరులో వెలువరించిన నిర్దేశముల ప్రకారము, ప్రకృతి వైపరీత్యమువలన 33 మొదలు 50 శాతము వరకు పంట నష్టమైనచోట స్వల్పకాలిక ఋణపు గడువును రెండేండ్ల వరకును, 50 శాతమో అంతకు మించియో నష్టమైనచోట ఐదేండ్ల వరకును పొడిగింపవచ్చును. ఆ కాలములో ఒక యేడాది వాయిదాలకు విరామము. మరల సాగు చేసికొనుటకు కొత్త ఋణమును ఇవ్వవచ్చును. అయితే అందులోనే యొక మెలిక కలదు: వైపరీత్యము సంభవించిన నాటికే గడువు మీరియున్న బాకీకి ఈ వెసులుబాటు వర్తింపదు. సిగ్గుతో ఇంట కూర్చున్నవాడు పోగొట్టుకొనునది సరిగా దీనినే. 2014 ఎన్నికల మాఫీ వాగ్దానమును నమ్మి, కట్టగలిగియు కట్టక కూర్చుండి వడ్డీ రాయితీని పోగొట్టుకొన్నవారి సంగతి వేరు. వారికి సిగ్గు కాదు, ఆశ అడ్డువచ్చినది.

పదిమందిమి కూడి యడుగుటకు మనకు బిడియము లేదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించి పొలములను బీళ్లుగా విడిచిపెట్టగా దేశమంతయు ఇటు చూచినది. ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన సంఘమును నియమించినది. ఆ పోరాటములో ముందు నడచినవారిలో ఎందరు తమ బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుండి తమ సొంత బాకీ గురించి నోరు విప్పియుందురు? మన యిండ్లలోని ఆడవారు నయము. డ్వాక్రా సమావేశములో "ఈ నెల నావల్ల కాదు" అని తోడివారి యెదుటనే చెప్పివేయుదురు.

తప్పంతయు రైతుదే యనుట న్యాయము కాదు. ఆ శాతముల సరిహద్దులు గీచినది కాగితముపైన. నష్టములు వచ్చునది నేలపైన. 1996 నవంబరు 6 నాటి తుఫానులో కూలిన కొబ్బరిచెట్టు స్థానమున నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఐదారేండ్లు పట్టినది. బ్యాంకు వాయిదా అన్నాళ్లాగునా? అంబాజీపేటలో కాయ కొనునాథుడు లేని యేడు ఏ నిర్దేశమందును వైపరీత్యముగా లెక్కకు రాదు. ఇక కౌలుదారు సంగతి తలచుకొన్న మనస్సు కలుక్కుమనును. పాసుపుస్తకముపై పంట ఋణము హైదరాబాదులోనున్న భూస్వామి యెప్పుడో తీసికొనియుండును. 2011 చట్టము కౌలుదారునకు ఋణార్హత కార్డు నిచ్చినది. 2019 చట్టము సాగుదారు హక్కు పత్రము నిచ్చినది, కాని దానికి యజమాని సంతకము కావలయును. ఆ సంతకమడిగినవానికి మరుసటి యేడు ఆ చేను దక్కునన్న నమ్మకము లేదు. మక్తా బస్తాలు కొలిచి, ఎరువుల కొట్టులో అరువు పెట్టి, పంట పోగొట్టుకొన్న యీ మనిషికి గడువు పొడిగించుటకు బ్యాంకులో అసలు అప్పే లేదు. ఇది చట్టము చేసినవారు దిద్దవలసిన తప్పు. ఆ సంతకపు నిబంధనను తొలగింపవలెనని నా నిశ్చితాభిప్రాయము.

అప్పున్న రైతులకు మాత్రము ఒక మనవి. గడువునకు రెండు నెలల ముందే వెళ్లుడు. నోటిమాటతో సరిపెట్టక, తెలుగులోనే అర్జీ వ్రాసి, నకలుపై తేదీతో ముద్ర వేయించుకొనుడు. పొలము లాగికొందురను బెదరింపునకు లొంగకుడు. 2002 నాటి సర్ఫేసీ చట్టము వ్యవసాయ భూమికి వర్తింపదు. మీరిచ్చిన ఫిర్యాదునకు ముప్పది దినములలో సమాధానము రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును. దానికి వకీలు అక్కరలేదు, రుసుమును లేదు.

— లంకవాసి