హెచ్‌ఐవీ ఉంటే ట్యూబులు కట్టేయాల్సిందేనా?

హెచ్‌ఐవీ ఉన్న ఆడమనిషికి కాన్పు కాగానే పిల్లల ఆపరేషన్ చేసేయడమే మంచిదన్న మాట ఆసుపత్రి వార్డుల్లోనూ, అత్తవారిళ్లలోనూ, బాగా చదువుకున్నవాళ్ల నోటా వినిపిస్తూనే ఉంది. చాలామంది జాలిపడే అంటారు. పుట్టిన బిడ్డను పెంచుకుంటే చాలదా, ఇంకో ప్రాణానికి ఆ జబ్బు అంటించడం ఎందుకు అని. ఆ జాలిని నేను ఒప్పుకోను. దానికి వైద్యంలో ఆధారం లేదు, చట్టంలో చోటు లేదు.

ముందు బిడ్డ సంగతి చూద్దాం. ఏ మందులూ వాడకపోతే తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడూ, పాలిచ్చే రోజుల్లోనూ తల్లి హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వేసుకుంటూ, బిడ్డకూ మందు పోయిస్తే అది 5 శాతం లోపుకు దిగుతుంది. మందులు తప్పకుండా వేసుకునే తల్లి పిల్లల పెళ్లిళ్లు చూసేదాకా బతుకుతుంది. మందులు లేని కాలంలో పుట్టిన భయాన్ని పట్టుకుని ఈనాటి బాలింత కడుపు కోయడం న్యాయం కాదు.

గర్భం రాకుండా వీళ్లకు ఆపరేషన్ తప్ప వేరే దారి లేదన్నది రెండో అపోహ. ఏఆర్‌టీ మీద ఆరోగ్యం నిలకడగా ఉన్న తల్లికి కాపర్ టీ కాన్పయిన 48 గంటల్లోపు వేయొచ్చు, లేదా ఆరు వారాలు ఆగి వేయొచ్చు. జబ్బు బాగా ముదిరి ఉంటేనే ఆగమంటారు. మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. పాలిచ్చే తల్లి ఆరు వారాల తర్వాత వేయించుకోవచ్చు. హెచ్‌ఐవీ మందులతో ఇవేవీ పడవని కొందరు కొట్టిపారేస్తారు. ఎఫావిరెంజ్ అనే మందు చేతిలో పెట్టే ఇంప్లాంట్ శక్తిని తగ్గించే మాట నిజమే. కానీ ఈ ఇంజెక్షన్‌కు ఆ ఇబ్బంది లేదు. పైగా ఇప్పుడు మన ఏఆర్‌టీ కేంద్రాల్లో ఎక్కువగా ఇస్తున్నది డోలుటెగ్రావిర్. దానితో ఆ చిక్కే లేదు.

ఇంజెక్షన్‌కు ఇబ్బందులు లేవని కాదు. నెలసరి క్రమం తప్పుతుంది, కొందరికి ఆగిపోతుంది. మానేశాక గర్భం నిలవడానికి నెలలు పట్టొచ్చు. ఎముకల బలం కొంత తగ్గుతుంది, ఏఆర్‌టీలోని టెనోఫోవిర్‌కూ ఆ గుణం ఉంది. ఇవన్నీ సూది వేయకముందే చెప్పాలి. చెప్పకుండా వేయడం, అడగకుండా కోయడం రెండూ ఒకే తప్పు.

ఆపరేషన్ వైరస్‌ను ఆపదు. ఇది చాలామందికి తట్టదు. ఇక గర్భం రాదన్న ధీమాతో భర్త నిరోధ్ పక్కన పడేస్తాడు. భార్యకు ఉండి భర్తకు లేని ఇంట్లో, ఆమె రక్తంలో వైరస్ ఇంకా అదుపులోకి రాకపోతే, అది అతనికే ముప్పు. పైగా ఈ ఆపరేషన్ భారమంతా ఆడవాళ్ల మీదే. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల వేసెక్టమీ మాత్రం వందకు ఒకటి కూడా లేదు. హెచ్‌ఐవీ ఉన్న ఇంట్లోనైనా కత్తి ఆమె వైపే ఎందుకు తిరగాలి?

ఆపరేషన్‌కు ఆమే సంతకం పెట్టిందిగా అంటారు. నమీబియాలో హెచ్‌ఐవీ ఉన్న ముగ్గురు స్త్రీల చేత నొప్పులు పడుతుండగా సంతకాలు పెట్టించి ట్యూబులు కట్టేశారు. అది సమ్మతి కాదని ఆ దేశ సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. మన దేశంలో 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం కూడా, విషయం తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా గర్భిణికి ఈ ఆపరేషన్ చేయకూడదని చెబుతోంది. అన్నీ తెలుసుకుని ఆమె తనకుతానుగా ఆపరేషన్ కోరితే, హెచ్‌ఐవీ ఉందన్న సాకుతో తిప్పి పంపకుండా చేయాల్సిందే. అది వేరే మాట.

డాక్టర్లకూ, నర్సులకూ, ఆశా కార్యకర్తలకూ నా విన్నపం ఒక్కటే. ఆ సమ్మతి కాగితాన్ని కాన్పు గదిలోకి తేకండి. ఏడో నెలలోనే అత్తా భర్తా లేకుండా ఆమెను కూర్చోబెట్టి, ఉన్న దారులన్నీ చెప్పి, ఏది కావాలో ఆమెనే అడగండి. ఆమె వద్దంటే, వద్దనే రాసుకోండి.