విరిగిన బోల్టు

ఈ నెల శీర్షికను మేము కుడిచేతి వేళ్లకు కట్టుతో రాస్తున్నాము. గాయం చిన్నదే. అయితే దానికి కారణమైన వస్తువు దాదాపు ప్రతి ఇంటిలోనూ ఉంటుంది. దాని విషయంలో మేము చేసిన పొరపాట్లు మీ ఇంట జరగకుండా ఉండాలంటే, జరిగినది జరిగినట్లు చెప్పడమే మంచిదని భావించాము.

మా పెరట్లో సంపు పక్కన నీటి మోటారు ఉన్నది. యాంగిల్ ఇనుముతో చేసిన స్టాండు మీద దానిని నాలుగు బోల్టులతో బిగించారు. స్టాండు పైపలకకు నాలుగు రంధ్రాలు, ప్రతి రంధ్రం అడుగున వెల్డింగ్ చేసిన ఒక నట్టు. బిగించిన నాటినుండి వాటిని ఎవరూ ముట్టుకోలేదు. కొంతకాలంగా మోటారు గ్లాండు నుండి నీరు చుక్కలుగా కారుతున్నది. ఆ చుక్కలు పడేది సరిగ్గా ఒక బోల్టు మీదనే. గ్లాండు మార్పించడానికి మోటారును దుకాణానికి తీసుకుపోదామని, మదర్సాకు సెలవైన శుక్రవారం ఉదయం పదిహేడో నంబరు పానా చేతబట్టాము.

మూడు బోల్టులు కాస్త మొరాయించి లొంగినవి. నాలుగవది కదలలేదు. జుమాకు సమయం దగ్గరపడుతున్నది. పానాకు రెండడుగుల ఇనుప గొట్టం తొడిగి ఒంట్లో ఉన్న బలమంతా వేశాము. పానా కొద్దిగా తిరిగింది. పట్టు వదిలినట్లు కాదు, ఏదో సాగుతున్నట్లు మెత్తగా తిరిగింది. మేము సంతోషించాము. మరుక్షణమే టప్పున శబ్దం వచ్చింది. గొట్టం జారి, మా వేళ్లు స్టాండు అంచుకు కొట్టుకున్నవి. బోల్టు తల పానాలో మిగిలిపోయింది.

ఆ మెత్తదనమే హెచ్చరిక అని తరువాత తెలిసింది. తుప్పు పట్టు వదిలితే బోల్టు టక్కుమనో, కిర్రుమనో కదులుతుంది. మెత్తగా సాగుతున్నదంటే, చుట్లు తిరగడం లేదు, బోల్టు మెడ మెలిపడుతున్నదని అర్థం. ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటికన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బోల్టు చుట్లకూ నట్టు చుట్లకూ నడుమ ఉన్న సన్నని సందులో ఆ ఉబ్బిన తుప్పు చీలలా దిగబడుతుంది. ఇక అక్కడ బలం చూపిస్తే ముందుగా తెగేది బోల్టే. అప్పుడే ఆగి, బిగించే వైపు కాస్త తిప్పి చూసి, నూనె పోసి మరునాటికి విడిచిపెట్టి ఉంటే మా వేళ్లు బాగుండేవి.

తల పోయినా మోటారు పైకి లేచి వచ్చింది. పలక మీద వేలి మందాన బోల్టు మోడు నిలిచి ఉన్నది. నిజానికి అది ఇంకా మంచి స్థితే. అలాంటి మోడు మీద ఒక నట్టు ఉంచి, నట్టు లోపలి నుండి వెల్డింగ్ చేస్తే కొత్త తల ఏర్పడుతుంది. ఆ వేడికి తుప్పు పట్టు కూడా సడలుతుంది. వెల్డింగ్ దుకాణంలో కొద్ది నిమిషాల పని. ఆ సంగతి తెలియక మేము నమాజు నుండి వచ్చేసరికే మా పెద్దబ్బాయి కటింగ్ ప్లేయరుతో దానిని తిప్పి తిప్పి నున్నగా చేశాడు. మేము పైపు పానా పెట్టి మళ్లీ బలం వేశాము. ఈసారి మోడు పలక మట్టానికి తెగిపోయింది. తండ్రీకొడుకులలో ఎవరి తప్పు పెద్దదో మా ఇంటావిడ తేల్చి చెప్పింది; ఇక్కడ రాయనవసరం లేదు.

సాయంత్రానికి ట్యాంకు ఖాళీ అయింది. ఎనభై దాటిన మా అమ్మకు వుజూ కోసం పొరుగింటి నుండి బిందెలతో నీరు తేవలసి వచ్చింది. "మూడు బోల్టులు ఉన్నాయి కదా, చాలదా?" అని పొరుగాయన సలహా. చాలదు. తిరిగే మోటారు ఎప్పుడూ అదురుతూనే ఉంటుంది. ఒక మూల పట్టు లేకపోతే ఆ అదురు భారమంతా తక్కిన మూడింటి మీద, పైపు అతుకుల మీద పడుతుంది. కొద్ది నెలలకు మరొక బోల్టో, పైపు అతుకో తెగుతుంది.

ఇంతలో మా అబ్బాయి స్నేహితుని ఇంటినుండి డ్రిల్ మిషన్ తెచ్చాడు. తడి నేల మీద ఎక్స్‌టెన్షన్ వైరు పరచి, కళ్లద్దాలు లేకుండా, చేతికి నూలు తొడుగు వేసుకుని కూర్చున్నాడు. అది చూసి మా గుండె జారింది. వెంటనే ప్లగ్గు పీకివేశాము. తడి చోట కరెంటు పనిముట్టు ప్రాణాంతకం. ఎగిరే ఇనుప రజను కంటిలో పడితే చూపుకే ముప్పు. తిరిగే బిట్టు తొడుగు దారాన్ని పట్టుకున్నదంటే వేలిని కూడా లాక్కుంటుంది. కనుక డ్రిల్ దగ్గర తొడుగులు, వేలాడే చేతులు, దుపట్టాలు పనికిరావు. నీళ్లు రేపు వస్తాయి, కన్ను రాదు అని వాడిని కోప్పడ్డాము.

మా దగ్గర చదువుకుని ఇప్పుడు బైకుల షెడ్డు నడుపుతున్న శిష్యునికి కబురు పంపాము. షెడ్డులో పిల్లలు అతణ్ణి ఉస్తాద్ అంటారు. మదర్సాలో పిల్లలు మమ్మల్నీ అదే మాటతో పిలుస్తారు. ఆ సాయంత్రం మా పెరట్లో ఉస్తాద్ ఎవరో వేరే చెప్పాలా? వచ్చి సలాం చేసి, పలక వైపు చూడకుండానే స్టాండును తలకిందులుగా తిప్పాడు.

"హజ్రత్, పైనంతా చూశారు గాని కింద చూడలేదు. చూడండి, తోక ఎంత బయటికి ఉందో!"

నిజమే. నట్టు దాటి అంగుళం దాకా బోల్టు కిందికి పొడుచుకుని ఉన్నది, నిండా తుప్పుతో. దానిని పైకి తీయాలంటే ఆ తుప్పు పట్టిన అంగుళమంతా నట్టులోనుండి రావాలి. పొద్దుటినుండి అడ్డుపడుతున్నది అదే. తల ఉన్నంతవరకు బోల్టుకు పైకి తప్ప దారి లేదు. తల తెగిన తరువాత కిందికి దారి తెరుచుకున్నది. అటు వెళితే నట్టులో దాగి, తక్కువ తుప్పు పట్టిన భాగం మాత్రమే కదలాలి.

తోకను ఇనుప బ్రష్షుతో రుద్దాడు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, చిన్న సుత్తితో నట్టు చుట్టూ మెల్లగా తట్టాడు. "ఇక రేపు పొద్దున్నే" అని వెళ్లిపోయాడు. మాకు ఆశ్చర్యం. ఇంట నీరు లేదు, ఇతనేమో నిద్రపొమ్మంటున్నాడు! కాని ఆ నూనె వెంట్రుక సందులలోకి ఇంకాలంటే రాత్రంతా పడుతుందట.

ఫజ్ర్ తరువాత వచ్చి మళ్లీ స్ప్రే కొట్టాడు. తోకకు రెండు పక్కలా ఆకురాయితో చదును చేసి, పానా పట్టేలా చేశాడు. పావు చుట్టు తిప్పడం, అందులో సగం వెనక్కు తేవడం, నూనె, మళ్లీ పావు. కిర్రుమన్నది. ఆ చప్పుడు మా అమ్మకు కూడా వినిపించింది. పది నిమిషాలలో ముక్క అతని అరచేతిలో పడింది.

తోక లేకపోతే ఏమి చేసేవాడివని అడిగాము. అప్పుడే డ్రిల్ అవసరమన్నాడు. విరిగిన చోటు ఆకురాయితో చదును చేసి, సరిగ్గా నడిమధ్యన సెంటర్ పంచ్‌తో గుంట కొట్టాలి. అది పక్కకు జరిగితే బిట్టు నట్టు చుట్లనే తినేస్తుంది. మొదట మూడు ఎం.ఎం. బిట్టు, తరువాత పెద్దది. ఆ రంధ్రంలో ఎడమ చుట్ల ఈజీ అవుట్ దించి తిప్పితే మోడు వస్తుంది. రాకపోతే దానిపై బలం వేయకూడదు. అది గట్టి ఉక్కు, పెళుసు. లోపల విరిగితే మామూలు బిట్టు దానిని కోయలేదు. అప్పుడు లేత్ షాపువారు కూడా తల పట్టుకుంటారు. పది ఎం.ఎం. బోల్టుకు ఎనిమిదిన్నర ఎం.ఎం. బిట్టు దాకా తొలిచి, మిగిలిన పొరను పీకి, ట్యాప్ దించడం ఆఖరి మార్గం. వేడి చేయడం కూడా ఉన్నది గాని, స్ప్రే పూర్తిగా తుడిచిన తరువాతనే, ఆరుబయటనే. జింకు పూత ఉన్న బోల్టును కాలిస్తే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది.

నట్టులో ట్యాప్ తిప్పి చుట్లు శుభ్రం చేశాడు. మేము విరిగిన ముక్కను జేబులో వేసుకుని బోల్టుల దుకాణానికి వెళ్లాము. దుకాణదారు మూడు సూతుల బోల్టు తీసి ఇవ్వబోయాడు. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. చూపుకు అది పది ఎం.ఎం. బోల్టులాగే ఉంటుంది. పది ఎం.ఎం. నట్టులో అది రెండు మూడు చుట్లు వదులుగా ఎక్కి, ఆపైన బిగుసుకుపోతుంది. చుట్ల మధ్య దూరం వేరు. ముక్క చేతిలో ఉండబట్టి అక్కడే నట్టు ఎక్కించి చూసుకోగలిగాము. నాలుగూ కొత్తవే కొన్నాము, స్ప్రింగు వాషర్లతో సహా, ఈసారి పొట్టివి, నట్టు దాటి రెండు చుట్లకు మించి బయటికి రానివి. చుట్లకు గ్రీజు పూసి, గొట్టం తొడగకుండా మా అబ్బాయే బిగించాడు.

అస్ర్ వేళకు ట్యాంకులో నీరు పడింది. గ్లాండు మాత్రం ఇంకా కారుతూనే ఉన్నది. ఈ హడావుడిలో మోటారును దుకాణానికి తీసుకుపోవడమే మరచాము.