ఫాలోయర్ల జాబితా – లెక్కయా? అమానతా?

నేటి కళాశాలలలో విద్యార్థి సంఘముల గొప్పతనమును కొలుచు కొలబద్ద మారినది. పూర్వము సభకు ఎందరు వచ్చిరని అడుగుచుండిరి. నేడు సంఘము వారి ఇన్‌స్టాగ్రామ్ పేజీకి ఫాలోయర్లు ఎందరని అడుగుచున్నారు. ఉర్దూ బజ్మునకు ఒక పేజీ, తెలుగు సాహితీ సమితికి ఒక పేజీ, క్రీడా విభాగమునకు ఇంకొకటి. సంఖ్య వేయి దాటగానే ఆ జాబితాను బయటికి తీసి, పట్టికగా పరచి, వీరెవరు, ఎచటివారు, బాలికలెందరు, బాలురెందరు అని విశ్లేషింపవలెనను ఉత్సాహము పుట్టుట సహజము. ఆ ఉత్సాహమును మేము నిందింపము. కాని విశ్లేషణకు ఒక హద్దు ఉండవలెననియు, ఆ హద్దును పాలకవర్గమును విద్యార్థులును కలిసి ముందుగానే గీసికొనవలెననియు మా దృఢాభిప్రాయము.

మొదట ఆ జాబితాలో ఏమున్నదో చూతము. తమ ఖాతాలోని సమాచారమును తామే దింపుకొను ఏర్పాటును ఇన్‌స్టాగ్రామ్ 2018 ఏప్రిల్‌లో కల్పించినది. అదే సంవత్సరము మే 25న అమలులోనికి వచ్చిన ఐరోపా సమాఖ్య శాసనము, ఎవరి సమాచారమును వారు వెంట తీసికొనిపోవు హక్కును అచటి పౌరులకు ఇచ్చినది. మనకు లభించు దస్త్రములో ప్రతి ఫాలోయరు ఖాతా పేరు, దాని లంకె, ఏ తేదీ నుండి అనుసరించుచున్నారో ఆ తేదీ ఉండును. అంతే. ఊరు లేదు, వయస్సు లేదు, మతము లేదు. ఇవి కావలెనన్నచో పేరును బట్టియు, చిత్రమును బట్టియు ఊహింపవలెను. లేదా ఎవరో బయటివారు తయారుచేసిన యాప్‌నకు మన పాస్‌వర్డును అప్పగింపవలెను. చిక్కు ఇచటనే ఆరంభమగుచున్నది.

ఊహలు లేకయే ఈ జాబితా కొంత మేలు చేయగలదు. తేదీల వరుసను నెలలవారీగా లెక్కించినచో, ముషాయిరా జరిగిన వారములో ఎందరు చేరిరో, పరీక్షల ప్రకటన వెలువడిన నాడు ఎందరు చేరిరో తెలియును. ఆరు నెలల యెడముతో తీసిన రెండు జాబితాలను పోల్చినచో ఎందరు విడిచిపోయిరో తెలియును. మన కార్యక్రమములలో ఏది విద్యార్థులకు ఉపకరించినదో గ్రహించుటకు ఇది చాలును.

అయితే సంఖ్యయే గౌరవమని భ్రమపడరాదు. అమెరికాలోని డెవుమి అను సంస్థ కనీసము 35 లక్షల యంత్రఖాతాలను మరల మరల విక్రయించి, తన ఖాతాదారులకు ట్విట్టర్‌లో 20 కోట్లకు పైగా ఫాలోయర్లను సమకూర్చినదని 2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టినది. ఇంకొక విశేషము కలదు. సగటున మన స్నేహితులకు మనకంటె ఎక్కువమంది స్నేహితులుందురని స్కాట్ ఫెల్డ్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు 1991లో నిరూపించెను. కారణము సులభము: అధిక స్నేహితులు గలవాడు అధిక జాబితాలలో కనిపించును. కావున తోటివారి సంఖ్యను చూచి చిన్నబుచ్చుకొను విద్యార్థి, అది తన లోపము కాదనియు, గణితధర్మమనియు గుర్తుంచుకొనవలెను.

ఇక అసలు ప్రమాదమును గూర్చి. 2013లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధకులు 58,000 మందికి పైగా ఫేస్‌బుక్ సభ్యులు స్వచ్ఛందముగా ఇచ్చిన 'లైకు'లను పరిశీలించి ఒక పత్రమును ప్రకటించిరి. ఎవరు క్రైస్తవులో, ఎవరు ముస్లిములో యంత్రము నూటికి 82 సందర్భములలో సరిగా వేరుచేయగలిగినది. పాటలు, పుస్తకములు, తినుబండారముల వంటివానిపై వేసిన గుర్తులే దానికి చాలినవి. 2018 మార్చిలో కేంబ్రిడ్జి అనలిటికా వ్యవహారము బయటపడినది. ఒక ప్రశ్నావళి యాప్‌ను సుమారు 2,70,000 మంది వాడగా, వారి స్నేహితుల జాబితాల ద్వారా 8 కోట్ల 70 లక్షల మంది వరకు వివరములు పోయినవని ఫేస్‌బుక్కే అంగీకరించినది. సమ్మతి ఇచ్చినవారు లక్షలలో, నష్టపోయినవారు కోట్లలో. ఒకరి జాబితా అనగా ఇతరుల పేర్లు అని దీనివలన మనకు తెలియుచున్నది.

మన దేశములోనే జరిగినదానిని కూడ తలచుకొనక తప్పదు. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరియొకసారి, సామాజిక మాధ్యమములనుండి ముస్లిం మహిళల చిత్రములను ఏరి, పట్టికగా కూర్చి, వారిని వేలమునకు పెట్టినట్లు చూపు యాప్‌లను కొందరు సృష్టించిరి. పాత్రికేయులు, న్యాయవాదులు, విద్యార్థినులు ఆ అవమానమునకు గురియైరి. తరువాత అరెస్టయినవారిలో ఇంజనీరింగు చదువుచున్న యువకులుండుట మనను మరింత కలవరపరచవలెను. అవి ఫాలోయర్ల జాబితాలనుండి పుట్టినవని మేము అనుట లేదు. పేర్లను మతమును బట్టి, స్త్రీత్వమును బట్టి ఏరి ఒకచోట చేర్చుట ఎంతటి హానికి దారితీయునో అవి చూపినవని మాత్రమే అనుచున్నాము.

"జాబితా బహిరంగమే కదా, దాచవలసినది ఏమున్నది?" అని కొందరు అడుగవచ్చును. వీధిలోని ఆడపిల్లల పేర్లు వీధివారందరికి తెలియును. అంతమాత్రమున ఆ పేర్లన్నిటిని ఒక పుస్తకములో వ్రాసి, ఎవరు ఏ వేళ వచ్చుచున్నారో నమోదు చేయువానిని ఏ తల్లిదండ్రులు సహింతురు? చెదరియున్న విషయములు ఒకచోట చేరినపుడు వాని స్వభావమే మారును. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. అయినను, తామే బహిరంగపరచుకొన్న వివరములను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము తన పరిధినుండి తప్పించినది. కనుక చట్టము ఆగినచోట సంస్థ తన మర్యాదను తానే నిర్ణయించుకొనవలసియున్నది.

"బాలికలకు, దూరగ్రామముల వారికి మన సమాచారము చేరుచున్నదో లేదో తెలియవద్దా?" అను ప్రశ్న న్యాయమైనది. దానికి మార్గము కలదు. పేజీని వృత్తిపరమైన ఖాతాగా మార్చుకొన్నచో, ఫాలోయర్లు ఏ నగరములవారో, ఏ వయస్సువారో, స్త్రీపురుషుల పాలు ఎంతయో ఇన్‌స్టాగ్రామ్ శాతములలో చూపును. ఎవరి పేరును చూపదు. అంతకు మించి కావలెనన్నచో నోటీసు బోర్డుపై ప్రకటించి, విద్యార్థులనే అడిగి, ఇష్టపడినవారి సమాధానములు తీసికొనవచ్చును. అడిగి తెలిసికొనుటకును, వెనుకనుండి ఊహించుటకును గల భేదమే మర్యాదకును అమర్యాదకును గల భేదము.

అందువలన పాలకవర్గమునకు మా మనవి ఇది. జాబితాను మాధ్యమము వారు కల్పించిన ఏర్పాటు ద్వారానే తీయవలెను; పాస్‌వర్డును ఏ బయటి యాప్‌నకును ఈయరాదు. సంఖ్యలను, తేదీలను మాత్రమే లెక్కింపవలెను. పేరును చూచి మతము, కులము, లింగము, ఊరు ఊహించి వ్రాయు గడులను పట్టికలో చేర్చరాదు. దస్త్రము ఒక అధ్యాపకుని వద్ద, ఒక విద్యార్థి ప్రతినిధి వద్ద మాత్రమే ఉండవలెను; వాట్సాప్‌లో చేతులు మారరాదు; లెక్క ముగిసిన వెంటనే చెరిపివేయవలెను. లెక్క తీసిన సంగతిని పేజీలోనే ప్రకటింపవలెను. ఎవరు ఏ పేజీని అనుసరించినారనుటను బట్టి ఏ విద్యార్థికిని మెప్పుగాని దండన గాని కలుగరాదు.

ఉర్దూలోని 'అమానత్' అను మాట తెలుగులోనికి 'అమానతు'గా వచ్చి స్థిరపడినది. నమ్మి ఒకరు మన వద్ద ఉంచిన సొత్తు అని దాని భావము. మన పేజీని అనుసరించిన ప్రతి విద్యార్థియు, ప్రతి విద్యార్థినియు తమ పేరును మన వద్ద ఉంచినారు. ఆ సొత్తును లెక్కించుకొను అధికారము మనకు ఉండవచ్చును. విప్పి, వేరుచేసి, పంచిపెట్టు అధికారము లేదు. ఈ నియమములను రాబోవు విద్యాసంవత్సరము ఆరంభమునకు ముందే పాలకవర్గము ఆమోదించునని ఆశించుచున్నాము.