పదిహేను నిమిషాల్లో బీరకాయ పాలకూర

పొద్దున్నే ఏడింటికల్లా క్యారేజీ కట్టాల్సిన ఇల్లాలికి బీరకాయని మించిన కూర లేదు. లేతవి అర కిలో తీసుకోండి. చెక్కు తీయగానే ప్రతి కాయలోంచీ చిన్న ముక్క కొరికి చూడండి. ఇది మాత్రం మరవకండి సుమా! మొన్నామధ్య తొందరలో నేను చూడలేదు. ఒక్క చేదుకాయ కలిసి కూరంతా పాడైంది. మావారి క్యారేజీలోకి ఆవకాయ, పెరుగన్నమే గతయ్యాయి. పారబోయడానికి ప్రాణం ఒప్పదు గానీ, చేదు బీరకాయ తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. బెల్లం వేసి సర్దుదామని చూడకండి.

ఇక కూర సంగతి. రెండు చెంచాల నూనెలో మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, నాలుగు పచ్చిమిర్చి చీలికలు, బీరకాయ ముక్కలు వేసి మూత పెట్టండి. నీళ్ళు చుక్క కూడా పోయక్కర్లేదు, కాయలోనే బోలెడు ఊట ఉంటుంది. ముక్క మెత్తబడ్డాక సెగ బాగా తగ్గించి, కాచిన పాలు అర గ్లాసు పోసి దగ్గర పడనివ్వండి. ఉప్పు దించేముందే వేయాలి. ముందే వేస్తే పాలు విరిగే భయం ఉంది. పైగా గిన్నెడు ముక్కలు గుప్పెడవుతాయి కదా, అప్పుడు గానీ ఉప్పెంత పడుతుందో తెలియదు.

తీసిన చెక్కు పారేయకండి. పచ్చిమిర్చితో కలిపి నూనెలో వేయించి, చింతపండు, ఉప్పు చేర్చి రుబ్బితే బీరపొట్టు పచ్చడి. మా అత్తగారైతే కూర వదిలేసి దీంతోనే అన్నం తినేస్తారు.