స్టిక్కర్ చూసి శనాఖ్త్ చేస్తారా?

"సఖ్ర్ కంప్యూటరా? అదేముంది భాయ్, జపాన్ డబ్బాకి అరబ్బీ స్టిక్కర్ వేశారంతే!" పాత కంప్యూటర్లు పోగేసే షౌక్ ఉన్నవాళ్లు, కొని అమ్మేవాళ్లు ఈ మాట ఎంత తేలిగ్గా అనేస్తారో. పూర్తిగా ఝూట్ అయితే వదిలేయొచ్చు. ఇందులో సగం నిజం ఉంది. నుక్సాన్ చేసేది ఆ సగమే.

ముందు నిజమైన సగాన్ని ఒప్పుకుందాం. 1983లో మైక్రోసాఫ్ట్, జపాన్‌లోని ఆస్కీ కంపెనీ కలిసి ఎంఎస్ఎక్స్ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. ఎవరు తయారుచేసినా లోపల జెడ్80 ప్రాసెసర్ ఉండాలి, బేసిక్ ఒకటే ఉండాలి, ఒకరి కార్ట్రిడ్జ్ ఇంకొకరి మెషిన్‌లో నడవాలి. సోనీ, యమహా, సాన్యో, ఫిలిప్స్ అన్నీ ఆ ఖాందాన్‌లోవే. కువైట్‌లో ముహమ్మద్ అల్ షారిఖ్ 1982లో స్థాపించిన అల్ ఆలమియా కంపెనీ అలాంటి మెషిన్లు బయట చేయించి, సఖ్ర్ పేరుతో అరబ్ దేశాల్లో అమ్మింది. ఏఎక్స్-150, ఏఎక్స్-170, ఏఎక్స్-350, ఏఎక్స్-370 ఆ వరసలోవే. డబ్బా జపాన్‌దంటే నాకు ఏతరాజ్ లేదు. డబ్బాతోనే ఫైసలా చెప్పేస్తామంటేనే నా గొడవ.

ఉర్దూ ఖాయదా పట్టుకున్న పిల్లలెవరినైనా అడగండి. 'బే' ఒకటే హర్ఫ్, కానీ మాట మొదట్లో ఒక షకల్, మధ్యలో ఒకటి, చివర ఒకటి, ఒంటరిగా ఇంకొకటి. అరబ్బీలో 28 హురూఫ్. అందులో అలిఫ్, దాల్, రే, వావ్ లాంటి ఆరు తర్వాతి హర్ఫ్‌తో కలవవు, వాటికి రెండేసి రూపాలు. మిగతా 22కి నాలుగేసి. లెక్క కడితే నూరు రూపాలు. ఎంఎస్ఎక్స్ అక్షరాల పట్టికలో ఉన్నవి మొత్తం 256 గడులు, గడికి 8 బైట్లు, అన్నీ కలిపి 2048 బైట్లు. ఆ నూరూ అందులో ఎలాగో ఇరికించారనుకోండి, పక్క హర్ఫ్‌ని చూసి ఏ షకల్ వేయాలో తేల్చేదెవరు? కర్సర్‌ని కుడి నుంచి ఎడమకి నడిపేదెవరు? స్టిక్కరా? ఆ పనికి ప్రోగ్రామ్ కావాలి. ఆ ప్రోగ్రామ్ ఉండేది రోమ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని చిప్‌లో. సఖ్ర్ వాళ్ల మేహనత్ అంతా అక్కడుంది.

"అయితే రోమ్ చూశాం కదా" అంటారు షౌకీన్లు. ఎలా చూశారు? బేసిక్‌లో ప్రింట్ పీక్(43) కొట్టారు. మంచిదే. ఆ బైట్‌లో అక్షరాల రకం, తేదీ రాసే పద్ధతి, 50 హెర్ట్జా 60 హెర్ట్జా అన్నవి ఉంటాయి. 161 వచ్చిందంటే 50 హెర్ట్జ్, ముందు రోజు తర్వాత నెల, అంతర్జాతీయ అక్షరాలు అని అర్థం. 45వ బైట్‌లో సున్నా ఉంటే మొదటి తరం, 1 ఉంటే ఎంఎస్ఎక్స్2. కానీ అక్షరాల రకానికి ప్రమాణంలో రాసుకున్న అంకెలు మూడే: 0 జపనీస్, 1 అంతర్జాతీయ, 2 కొరియన్. అరబ్బీకి అంకే లేదు! ఆ 'అంతర్జాతీయ' పట్టికలో యూరప్ భాషల అక్షరాలున్నాయి, కొన్ని గ్రీకు అక్షరాలున్నాయి, బొమ్మ గీతలున్నాయి. అలిఫ్ లేదు. ఈ ఒక్క బైట్ చూసి ఖాతా రాస్తే అరబ్బీ అన్న మాటే ఆ ఖాతాలోకి రాదు. అడగని సవాల్‌కి జవాబు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అసలు విషయం ఏమిటంటే, జెడ్80 ఒకేసారి 64 కేబీ మాత్రమే చూడగలదు. అందుకే ఎంఎస్ఎక్స్‌లో నాలుగు స్లాట్లు పెట్టారు, ఒక్కోదాన్ని మళ్లీ నాలుగుగా విడగొట్టొచ్చు. నాలుగు నాలుగుల పదహారు గదుల ఇల్లనుకోండి. పీక్ కొడితే కనిపించేది దివాన్‌ఖానా ఒక్కటే, అంటే 32 కేబీ మెయిన్ రోమ్. వేరే గదిలో ఉన్న రోమ్ కనబడాలంటే స్లాట్ తర్వాత స్లాట్ తెరిచి చూసే ప్రోగ్రామ్ కావాలి. అదనపు రోమ్ అయితే మొదటి రెండు బైట్లు 'ఏబీ' అని ఉంటాయి. ఎంఎస్ఎక్స్2 సబ్ రోమ్ అయితే 'సీడీ' అని. అన్ని గదులూ తిరిగి ఏ రోమ్ ఎక్కడుందో, ఎంత సైజుదో రాసుకుంటేనే శనాఖ్త్. గుమ్మం దగ్గర నిలబడి ఇల్లంతా చూశామంటే ఎవరు నమ్ముతారు?

ఇంకో దలీల్ కూడా వినిపిస్తుంది: "నెట్‌లో ఫైళ్లున్నాయి కదా, ఇంక చిప్ దేనికి?" ఫైల్ మీద 'అరబిక్ రోమ్' అని రాసుంటే అది సబూత్ కాదు. ఏ మోడల్‌ది? ఏ స్లాట్‌లోది? 32 కేబీ ఫైల్ ఒకే చిప్‌లోదా, రెండు 16 కేబీ చిప్‌లు కలిపినదా? కలిపేటప్పుడు ముందుది వెనక్కి పోతే 'ఏబీ' ఉండాల్సిన చోట ఉండదు. 16 కేబీ చిప్‌ని 32 అనుకుని చదివితే అదే మాల్ రెండుసార్లు వస్తుంది. ఒక్క గవాహీతో కేసు తేల్చరు. రెండో మెషిన్ నుంచి చదివిన కాపీ మొదటిదాంతో కలిస్తేనే మాటకి బలం.

ఇదంతా మనకెందుకని అడగొచ్చు. 1990లో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించాక ఆ కంపెనీ కైరోకి తరలింది. కువైట్‌లో ఉన్న మనవాళ్లెందరో కట్టుబట్టలతో విమానం ఎక్కిన రోజులవి. కడపలోనో రాయచోటిలోనో గల్ఫ్ వెళ్లొచ్చిన ఏ చాచా ఇంటి అటక మీదైనా అరబ్బీ కీబోర్డు డబ్బా ఒకటి ఉంటే, దాన్ని కబాడీకి తూకానికి వేయకండి. ముప్పై ఏళ్లు దాటిన పవర్ సప్లైని నేరుగా ప్లగ్‌లో పెట్టొద్దు. తెలిసినవాళ్లతో తెరిపించి ముందు బోర్డు ఫోటో తీయండి, చిప్‌ల మీది నంబర్లు రాసుకోండి. 27128 అంటే 16 కేబీ, 27256 అంటే 32 కేబీ. కిటికీ ఉన్న చిప్ అయితే దాని మీది కాగితం పీకొద్దు, అల్ట్రావయొలెట్ వెలుతురు తగిలితే లోపలి రాత చెరిగిపోతుంది. ప్రతి చిప్‌నీ రెండుసార్లు చదివించండి. రెండూ ఒకటి కాకపోతే కాళ్లు సరిగ్గా ఆనలేదేమో చూసి మళ్లీ చదివించండి. చెక్‌సమ్, మోడల్, స్లాట్ ఒకే కాగితం మీద రాసి దాచండి.

"బేసిక్ ఒక్కటి వస్తే చాలు" అని ఆ అరబ్బీ చిప్ ఊడబీకి మెషిన్‌ని 'మామూలు' చేసి అమ్మేవాళ్లకు మాత్రం ఒకటే మాట. మీరు రిపేర్ చేయలేదు జనాబ్. ఒక జబాన్ కంప్యూటర్‌లోకి ఎలా నడిచొచ్చిందో చెప్పే సబూత్‌ని మిటాయించేశారు. స్టిక్కర్ పోతే మళ్లీ అచ్చు వేయించొచ్చు. చిప్‌లో ఉన్నది పోతే ఎవరిని అడిగి తెస్తారు?