ఫోటోలో వెనక నిలబడే మనిషి

 

సఫర్ అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. కఫీల్ నోట, ముదీర్ నోట వినే మాటే, మన హైదరాబాదు ఉర్దూలోనూ ఉన్న మాటే. ప్రయాణం. ఆ అరబ్బీ మాటే ఓడలెక్కి తూర్పు ఆఫ్రికా రేవులకు చేరి స్వాహిలీ భాషలో ‘సఫారీ’ అయింది. అక్కడి జనానికి ఇప్పటికీ దాని అర్థం మామూలు ప్రయాణమే. దానికి తుపాకీ, టోపీ, ఖాకీ చొక్కా తగిలించింది తెల్లదొరలు.

ఈ వారం ఆ మాట ఎందుకు ఎత్తానంటే, మా ఫ్రీమాంట్ మిత్రులు కొందరు ఆఫ్రికా పోదామని కూడబలుక్కుంటున్నారు. చూడ్డానికి అయితే నేనూ సై అనేవాణ్ణే. కానీ వాళ్ళలో ఒకడు వేటకే పోదామంటాడు. దక్షిణాఫ్రికాలోని లింపోపో వైపు ఒక ప్రైవేటు వేట భూమి వాళ్ళ రేట్ల కాగితం తెచ్చి మా అందరికీ పంచాడు. పెళ్ళి భోజనాల కేటరింగ్ కాగితంలాగే ఉంది. ఇంపాలా జింకకు నాలుగైదు వందల డాలర్లు, మెలికల కొమ్ముల కూడూకు రెండు మూడు వేలు, అడవిదున్నకు పది వేల పైమాట. రోజు ఖర్చు వేరే. తల, చర్మం ఎండబెట్టి అమెరికాకు పంపించే ఖర్చు వేరే. గాయపడి పారిపోయిన జంతువుకూ పూర్తి ధర కట్టాలట.

ఇక్కడ తుపాకీ ఎక్కడిదని మీకు అనుమానం రావచ్చు. హెచ్-1బి మీద ఉన్న పరదేశి అమెరికాలో మామూలుగా తుపాకీ కొనకూడదు. వేట లైసెన్సు ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. అందుకని జన్మలో కోడిని కోయనివాడు కూడా వేట పాఠాలకు కూర్చుంటాడు.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఫ్రీమాంట్ శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం పక్కన, 1956లో ఐదు చిన్న ఊళ్ళు కలిసి ఏర్పడ్డ పట్నం. టెస్లా కార్ల ఫ్యాక్టరీ ఇక్కడే. తూర్పున మిషన్ పీక్ అని రెండున్నర వేల అడుగుల కొండ ఉంది. ఆదివారం వస్తే తెలుగువాళ్ళం ఇంటిల్లిపాదీ ఎక్కి పైనున్న స్తంభం దగ్గర ఫోటోలు దిగుతాం. కొండ మొదట్లోనే బోర్డు ఉంటుంది. ఇది కొండసింహాలు తిరిగే చోటు, ఎదురైతే పరుగెత్తకండి, చేతులు పైకెత్తి పెద్దగా కనబడండి అని. 1907 నుంచి 1963 దాకా ఈ జంతువును చంపి తెస్తే కాలిఫోర్నియా ప్రభుత్వమే బహుమానం ఇచ్చింది. 1990లో జనం ఓట్లు వేసి దాని సరదా వేటను నిషేధించారు. ఎలుగుబంటికి మాత్రం అంత అదృష్టం పట్టలేదు. ఈ రాష్ట్రం జెండా మీద గ్రిజ్లీ ఎలుగు బొమ్మ ఉంటుంది. అసలు ఎలుగు ఒక్కటీ లేదు. ఆఖరిదాన్ని 1922లో చంపేశారు. మా పిల్లలు బడిలో ఆ జెండాకు రంగులు వేస్తుంటారు.

వేటకు పోదామన్న మిత్రుడు చెడ్డవాడు కాదు. ఆయన చెప్పే వాదన కూడా కొట్టి పారేసేది కాదు. ఒక ముసలి మగ జంతువును చంపితే వచ్చే డబ్బుతో మిగతా మందను కాపాడతారంటాడు. నమీబియాలో 1996 చట్టం తర్వాత ఊళ్ళవాళ్ళు తమ భూముల మీద సంఘాలు కట్టుకున్నారు, వేట డబ్బులో వాటా, మాంసం వాళ్ళకు అందుతాయి. ఇది నిజమే. 2014 జనవరిలో టెక్సస్‌లోని డల్లాస్ వేటగాళ్ళ క్లబ్బు వేలంలో, నమీబియాలో ఒక నల్ల ఖడ్గమృగాన్ని కాల్చే అనుమతికి ఒకాయన 350,000 డాలర్లు పాడాడు. ఇంకోవైపు కెన్యా చూడండి. 1977లోనే వేట మొత్తం మూసేసింది, ఈరోజుకీ కెమెరా యాత్రికుల మీదే డబ్బు చేసుకుంటోంది. కానీ అక్కడా ఆ తర్వాత జంతువులు బాగా తగ్గాయి. తుపాకీ ఆపగానే అడవి పచ్చబడుతుందనుకోవడం కూడా అమాయకత్వమే.

2015 జులైలో జింబాబ్వేలో సిసిల్ అనే సింహాన్ని అమెరికా నుంచి వచ్చిన ఒక దంతవైద్యుడు చంపితే ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. ఆ సింహం మెడలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కట్టిన పట్టీ ఉంది. ఇక్కడి పెద్ద విమాన కంపెనీలు ఆ ఆగస్టులో వేట తలకాయలు మోయమని ప్రకటించాయి. మీ దగ్గరి ఎమిరేట్స్ కార్గో అయితే అంతకు ముందే, ఆ ఏడాది మే నెలలోనే, ఏనుగు, ఖడ్గమృగం, సింహం, పులి ట్రోఫీలను మోయనని చెప్పేసింది. ఆ గోల మధ్యలో అమెరికాలో చదువుతున్న గుడ్‌వెల్ ఎన్‌జూ అనే జింబాబ్వే విద్యార్థి న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశాడు. సింహం చచ్చిందని మా ఊళ్ళో ఎవరూ ఏడవరు, అది మమ్మల్ని భయపెట్టే జంతువు అన్నది దాని సారాంశం. పాము కరిచి చిన్నప్పుడే ఒక కాలు పోగొట్టుకున్న మనిషి రాసిన మాట అది. నాకు ఆ ఏడాది చదివినవాటిలో అదొక్కటే గుర్తుండిపోయింది.

నేను రానన్నాను. పుణ్యం కోసం కాదు, నేను మాంసం తినేవాణ్ణే. ఆ రేట్ల కాగితంతో పాటు వచ్చిన ఫోటోలు చూసి రానన్నాను. ప్రతి ఫోటోలోనూ చచ్చిన జంతువు ముందు మోకాలి మీద కూర్చుని నవ్వే పెద్దమనిషి ఉన్నాడు. వెనకాల కొంచెం మసకగా ఇంకొకడు నిలబడి ఉన్నాడు. అడుగుజాడ పట్టింది వాడు. గాలి ఎటు వీస్తుందో బూడిద చల్లి చూసింది వాడు. గాయపడ్డ దున్న పొదలో దూరితే ముందు నడవాల్సింది వాడు. తర్వాత చర్మం ఒలిచేదీ, బండికెత్తేదీ వాడూ వాడి తోటివాళ్ళే. అతిథి చేసిందల్లా చూపించిన వైపు గురిపెట్టడం. దక్షిణాఫ్రికాలో 2024లో కనీస కూలీ గంటకు 27.58 ర్యాండ్లు, అంటే డాలరున్నర. అదే ఏడు ఇక్కడ కాలిఫోర్నియాలో కనీసం 16 డాలర్లు. ఒక్క ఇంపాలా ధర ఆ కనీస కూలీ లెక్కన నెలన్నరకు పైగా జీతం. ఆ కాగితంలో జంతువులన్నిటికీ పేర్లూ, ధరలూ ఉన్నాయి. వెనక నిలబడ్డవాడి పేరు ఎక్కడా లేదు.

ఎత్తయిన బిల్డింగు ముందు యజమాని రిబ్బను కత్తిరించే ఫోటో మీరంతా చూసే ఉంటారు కాబట్టి ఈ సంగతి మీకు విడమరిచి చెప్పే పని లేదు.

ఇది కొత్త కథేమీ కాదు. 1909లో అమెరికా అధ్యక్ష పదవి దిగిన వెంటనే థియోడర్ రూజ్‌వెల్ట్ కొడుకును వెంటబెట్టుకుని తూర్పు ఆఫ్రికాకు వేటకు పోయాడు. తండ్రీకొడుకులు చంపినవి 512 జంతువులు. సామాన్లు మోసినవాళ్ళు రెండు వందల పైనే. మ్యూజియానికి చేరినవి తోళ్ళూ, ఎముకలూ.

మన దగ్గరా అంతే. వరంగల్ జిల్లా నెక్కొండ మీలో కొందరికి తెలుసు, కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు ఆగే ఊరు. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ నిజాం అతిథిగా ఆ అడవుల్లో పులుల వేటకు వచ్చాడు. దొర, దొరసాని, కాళ్ళ దగ్గర చచ్చిన పులి ఉన్న ఫోటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ వేటలకు పులిని తోలేది ఊళ్ళ జనమే. డప్పులు, రేకు డబ్బాలు కొట్టుకుంటూ పులికి ఎదురు నడవాలి. మా ఇంటి పెద్దలు చెప్పేవారు, దొర షికారుకు వస్తున్నాడంటే ఆ రోజు ఎవరి పొలం పని వాళ్ళకు లేదని. చిత్తూరు వైపు చామల లోయలో మనిషిని తినే పులి గురించి రాసిన కెన్నెత్ ఆండర్సన్ ఒక్కడు కొంత నయం. ఆయన కథల్లో బైరా అనే అడవి మనిషి పేరుతో సహా కనిపిస్తాడు.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక మన దేశంలో షికారు ముగిసింది. పులితో బతకడం మాత్రం ముగియలేదు. 2020 నవంబరులో కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఒక్క నెలలోనే ఒక యువకుణ్ణీ, పత్తి చేలో పని చేస్తున్న ఒక అమ్మాయినీ పులి చంపేసింది. అంతకు రెండేళ్ళ ముందు ఆదిలాబాదు సరిహద్దు అవతల, పాంఢర్‌కవడా అడవుల్లో, పదమూడు మందిని చంపిందని చెప్పిన ఆడపులిని 2018 నవంబరు 2 రాత్రి కాల్చారు. కాల్చింది హైదరాబాదు వేటగాడు నవాబ్ షఫత్ అలీ ఖాన్ కొడుకు. నగరాల్లో కొవ్వొత్తులు వెలిగించారు, ఆ ఊళ్ళలో మిఠాయిలు పంచుకున్నారు. రెండూ చూసినవాడు ఒక పక్షాన నిలబడి తిట్టడం కష్టం.

ఇక మీతో అసలు మాట. సెలవు మీద ఊరికి పోతే దోస్తులంతా చేరతారు. ఒకడు బండి తెస్తాడు, ఒకడు పెద్ద లైటు తెస్తాడు, రాత్రికి కుందేలో అడవిపందో అంటారు. గల్ఫు నుంచి వచ్చినవాడు కాబట్టి ఖర్చు మీదే, ఫోన్లో ఫోటో కూడా మీదే. కుందేలును చంపినా ఈ చట్టం కింద నేరమే. పులి, చిరుతలాంటివి అయితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. పులిగోరు మెడలో వేసుకున్నా కేసే. 2023 అక్టోబరులో బెంగళూరులో ఒక టీవీ షోలో ఉన్నవాణ్ణి షో నడుస్తుండగానే దానికోసం పట్టుకెళ్ళారు. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే కొత్త పాస్‌పోర్టు ఇవ్వకుండా ఆపే అధికారం 1967 పాస్‌పోర్టు చట్టంలో ఉంది. బెయిలు ఇచ్చేటప్పుడు కోర్టు ఉన్న పాస్‌పోర్టును పెట్టుకోవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకునే దారి ఉంది, కానీ వీసా గడువు మీ వకీలు కోసం ఆగదు.

తుపాకీ కన్నా పెద్ద ప్రమాదం కరెంటు తీగ. పందులు చేను పాడు చేస్తున్నాయని చుట్టూ తీగ లాగి రాత్రి కరెంటు ఇస్తారు. దానికి పందే తగలాలని లేదు. పులి తగిలింది, బర్రె తగిలింది, నీళ్ళు పెట్టడానికి చీకట్లో వచ్చిన పక్క చేను రైతూ తగిలాడు. మనిషి చస్తే అది వేట కేసు కాదు, ప్రాణం తీసిన కేసు. భూమి మీ పేరున ఉంటే మీరు ఎడారిలో ఉన్నా ముందు అడిగేది మీ ఇంటివాళ్ళనే. ఈసారి ఫోన్ చేసినప్పుడు చేను చుట్టూ తీగ ఉందా అని తమ్ముణ్ణో, బావనో అడగండి. ఉంటే ఆ పూటే తీయించండి. పంట పోతే ఫోటో తీసి, వ్యవసాయ అధికారిని పిలిపించి నష్టం రాయించి, అటవీ శాఖ రేంజి ఆఫీసులో పరిహారం దరఖాస్తు పెట్టమనండి. దరఖాస్తు ముట్టినట్టు ఒక రసీదు మాత్రం తప్పకుండా తీసుకోమనండి.